నేరస్థుల మూర్తిమత్వం, హింస: పరీక్షకు గుర్తుంచుకోవాల్సినవి

పుట్టు నేరస్థుల సిద్ధాంతం: లాంబ్రోసో (ఇటలీ), 1876. కాలం చెల్లినా, పరీక్షల్లో ప్రశ్నగా ఇంకా బతికే ఉంది.

ఐసెంక్ పుస్తకం: 'క్రైమ్ అండ్ పర్సనాలిటీ', 1964.

మెగార్గీ, 1966: హింసకు దిగేవారు రెండు రకాలు. నియంత్రణ తక్కువున్నవారు చిన్న కవ్వింపుకే చెయ్యి చేసుకుంటారు. అతి నియంత్రణ ఉన్నవారు కోపం దిగమింగుకుని, ఒక్కసారిగా తీవ్ర హింసకు పాల్పడతారు. 'జతపరచండి' ప్రశ్నకు అనువైన అంశం.

రాబర్ట్ హేర్ (కెనడా): సైకోపతీ చెక్‌లిస్ట్ పీసీఎల్-ఆర్, 1991, రెండో కూర్పు 2003. అంశాలు 20. ఒక్కోదానికి 0, 1 లేదా 2. గరిష్ఠం 40. ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్న హద్దు 30. ఇది ఖైదీ నింపే ప్రశ్నావళి కాదు. శిక్షణ పొందిన నిపుణులు ఇంటర్వ్యూ చేసి, రికార్డులు చూసి మార్కులేస్తారు. తికమక పెట్టే ఆప్షన్ ఇక్కడే ఇస్తారు, జాగ్రత్త.

సంఘ వ్యతిరేక మూర్తిమత్వ రుగ్మత: మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 (2013) ప్రకారం కనీస వయసు 18, ప్రవర్తన రుగ్మత ఆనవాళ్లు 15 ఏళ్లలోపే ఉండాలి. సైకోపతీ, ఇదీ ఒకటి కావు. ఖైదీల్లో ఈ రుగ్మతే ఎక్కువ, సైకోపతీ తక్కువ.

డార్క్ ట్రయాడ్ (2002, పాల్‌హస్, విలియమ్స్): నార్సిసిజం, మాకియవెల్లియనిజం, సైకోపతీ.

మతిస్థిమితం లేనివారి చర్యకు మినహాయింపు: భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 22 (పాత ఐపీసీ 84).