జానెడు చుట్టిల్లు

చిరంజీవి వెన్నెలకు,


సింగపూర్ పుంగ్గోల్‌లో మీ బ్లాక్ కింద తోటలో దేవకన్యల కోసం బుల్లి ఫెయిరీ హౌస్ కడతానని, ఏమేం కొనాలని అడిగావు. ఏమీ కొనకు తల్లీ. ప్లాస్టిక్ పుట్టగొడుగులు, రంగుల తలుపులు అసలే వద్దు. నేల ఇచ్చినవాటితో కట్టాలి, అవి మళ్లీ నేలలో కలిసిపోవాలి. అమెరికాలో మోన్‌హేగన్ దీవి అడవిలోనూ ఇలాంటి ఇళ్లు కడతారు. రాలిన పుల్లలు, ఆకులే వాడాలి, బతికున్న మొక్కను ముట్టకూడదన్నది అక్కడి పద్ధతి.

నా మాట విని మన శ్రీకాకుళం చుట్టిల్లు కట్టు. గుండ్రటి గోడకు మూలలుండవు కాబట్టి తుపాను గాలి పక్కలనుంచి జారిపోతుంది. కప్పు బాగా వాలుగా ఉండి, చూరు కిందికి దిగుతుంది కాబట్టి వాన గోడను తాకదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్య రుతుపవనాలు మీ ఊరిని ముంచెత్తేటప్పుడు ఈ తెలివే నీ ఇంటిని నిలబెడుతుంది.

ముందు తోట చూసుకునే ఆంటీ, అంకుల్‌లను అడిగి ఓ మూల చోటు తీసుకో. వాళ్లు కత్తిరించి పడేసిన కొమ్మలు, కాస్త బంకమట్టి ఇమ్మను. మీ పక్కనున్న కోనీ ఐలాండ్‌లో మన తీరంలోలాగే సరుగుడు చెట్లుంటాయి. కింద ఎన్ని కాయలు రాలినా ఏరి తేకు. అనుమతి లేకుండా పార్కులోంచి అలాంటివి తీసుకెళ్లడం అక్కడ నేరం. టెక్కా మార్కెట్ నుంచి అమ్మ తెచ్చే కొబ్బరికాయల పీచు, భోజనాలయ్యాక కడిగి ఎండబెట్టిన అరిటాకులు నీకు చాలు.

మట్టిలో పీచు ముక్కలు కలిపి పిసుకు, ఆరేటప్పుడు బీటలు తగ్గుతాయి. గోడ బెత్తెడు ఎత్తు లేపి, గుమ్మానికి సందు వదులు. గోడ గట్టిపడ్డాక నడుమ జానెడు నిట్రాడ పాతి, దాని కొసనుంచి గోడ మీదికి పుల్లల వాసాలు వాల్చి నారతో కట్టు. అరిటాకుల కప్పు ఎప్పుడూ చూరు దగ్గర మొదలుపెట్టి పైకి నెయ్యాలి. పై వరస కింది వరసను సగం కప్పితేనే నీళ్లు లోపలికి దిగవు.

తోటలో చోటు దొరక్కపోతే వెడల్పాటి కుండీలో కట్టి కారిడార్‌లో పెట్టుకో. నడవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. పిట్టగోడ మీద మాత్రం ఎన్నడూ పెట్టకు, కింద మనుషులు తిరుగుతుంటారు. ఇంటి ముందు చిప్పలో చెరువు కూడా వద్దు. 20 సెంట్ల నాణెమంత నీళ్లు నిలిచినా డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

ఎంత బాగా కట్టినా కొన్నాళ్లకు కప్పు కుళ్లుతుంది, గోడ కరుగుతుంది. బాధపడకు, ఊళ్లో పెద్ద ఇళ్లకూ ఎప్పటికప్పుడు కప్పు మార్చేవాళ్లు. పాతది మొక్కల మొదట్లో వేసి, కొత్తది నేసుకో. ఈసారి తోటలోని పిల్లలందరినీ పిలిచి, కప్పు నెయ్యడం వాళ్లకూ నేర్పు.

నీ అమ్మమ్మ