సూరత్‌లో మన తెలుగువాళ్లకు: కుంగుబాటు, వైద్యం, హక్కులు

లింబాయత్ గల్లీల్లో తెలుగు వినబడని పూట ఉండదు. తెలంగాణ నేత ఊళ్ల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలెన్నో. పన్నెండు గంటల పాళీ దిగి, చెవుల్లో మోత తగ్గకముందే ఇంటికి ఫోన్ చేసి “మంచిగనే ఉన్న అమ్మా” అని పెట్టేస్తారు. ఆ మాట అబద్ధమైన రోజు కోసం ఈ జవాబులు.

ఇది అలసటా, కుంగుబాటా?

సెలవు రోజు కంటినిండా నిద్రపోతే తీరేది అలసట. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా మనసు పోకపోయినా, దానికి తోడు నిద్ర, ఆకలి చెడినా, ఎందుకూ పనికిరానని అనిపిస్తున్నా డాక్టరును కలవాలి. కొందరిలో ఇది తలనొప్పిగా, ఒళ్లునొప్పులుగా బయటపడుతుంది. మద్యం తాగితే కాసేపు మరుపు, ఆ తర్వాత మరింత దిగులు.

ఎక్కడికి వెళ్లాలి?

మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ హాస్పిటల్‌కు గానీ, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆసుపత్రికి గానీ వెళ్లి మానసిక వైద్య విభాగం అడగండి.

రేషన్ కార్డు ఊళ్లో ఉంది. డబ్బు కట్టాలా?

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు చేతిలో లేకపోయినా ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో చికిత్స ఉచితం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెప్పేది ఇదే.

హిందీలో బేరమాడగలను, బాధ చెప్పుకోలేను. ఎలా?

జబ్బేమిటో, వైద్యమేమిటో మీకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం అదే చట్టం 22వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మొహమాటపడకుండా అడగండి. ఫోనులో మాట్లాడాలంటే 14416కు చేయండి. ఇది 2022 అక్టోబర్ 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ టెలి మానస్. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, భాషల్లో తెలుగూ ఉంది.

సేఠ్‌కు తెలిస్తే పని పోదా?

మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా యజమానికి చెప్పకూడదు.

ఆసుపత్రిలో చేరితే గొలుసులు, కరెంటు షాకులేనా?

గొలుసులతో కట్టడాన్ని ఈ చట్టం నిషేధించింది. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడమూ నిషిద్ధమే. అయినా కుంగుబాటుకు వైద్యం చాలామందికి ఓపీలోనే సాగుతుంది.

చనిపోవాలని ప్రయత్నిస్తే పోలీసు కేసా?

ఇదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

మాత్రలు జీవితాంతం మింగాలా?

చాలామందికి అక్కర్లేదు. కుంగుబాటు మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నయమయ్యాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడమంటారు. మీ అంతట మీరు ఆపొద్దు, అడిగి ఆపండి.

మీ గదిలో ఎవరైనా నాలుగు రోజులుగా అన్నం డబ్బా తెరవకుండా పడుకుంటున్నాడా? “ఏమైందిరా?” అని తెలుగులో అడగండి. ఓపీకి తోడు వెళ్లండి.