మట్టి చెప్పిన సాక్ష్యం

ఇరాక్ దేశంలో ఉత్తరాన కొండలున్నాయి. ఆ కొండల్లో బిర్జిన్ని అనే చిన్న ఊరుంది. అది కుర్దు జనం ఊరు.

1988 ఆగస్టు 25న విమానాలు వచ్చి ఆ ఊరి మీద బాంబులు వేశాయి. పొగ లేచింది. మొదట తియ్యటి వాసన వచ్చిందని బతికినవాళ్లు చెప్పారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు ఊరు వదిలి పారిపోయారు.

"మా మీద విషవాయువు వదిలారు" అని కుర్దులు మొత్తుకున్నారు. అప్పుడు ఇరాక్‌ను ఏలేవాడు సద్దాం హుస్సేన్. అతని ప్రభుత్వం అదంతా అబద్ధమంది. వచ్చి చూస్తామన్న ఐక్యరాజ్యసమితి వాళ్లను రానివ్వలేదు. ఒక పక్క ప్రభుత్వం. ఇంకో పక్క కొండ ఊరి జనం. ఎవరి మాట చెల్లుతుంది?

నాలుగేళ్లు గడిచాయి. 1991 యుద్ధంలో ఇరాక్ ఓడింది. ఆ కొండలు సద్దాం చేయి దాటిపోయాయి. 1992లో డాక్టర్లు, మానవ హక్కుల వాళ్లు బిర్జిన్ని వెళ్లారు. బాంబు పడిన గుంతల్లో మట్టి తీశారు. బాంబు ముక్కలు ఏరారు. వాటిని ఇంగ్లండులోని పోర్టన్ డౌన్ ప్రయోగశాలలో పరీక్ష చేశారు.

అక్కడ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉంది. పేరుకు నోరు తిరగదు గాని, దాని పని మీకు తెలిసిందే. కళ్లంలో ధాన్యం తూర్పారబడతారు కదా! గట్టి గింజ దగ్గర పడుతుంది. తాలు దూరంగా పోతుంది. ఈ యంత్రం కూడా బరువును బట్టే వేరు చేస్తుంది. అయితే గింజల్ని కాదు, కంటికి కనబడని అణువుల్ని. ముందు మట్టిలోని పదార్థాలను బయటికి తీసి, వేడితో ఆవిరి చేస్తారు. ఆ ఆవిరిని పొడవాటి సన్న గొట్టంలోకి పంపుతారు. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. యంత్రం దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలకు కరెంటు ఎక్కిస్తుంది. గాలి చేసే పని ఇక్కడ కరెంటు చేస్తుంది. ఏ బరువు ముక్కలు ఎన్ని ఉన్నాయో గీతలుగా పడుతుంది. ఆ గీతలే ఆ పదార్థానికి వేలిముద్ర.

మరి నాలుగేళ్ల వానలకు విషం కొట్టుకుపోదా? చాలావరకు పోయింది. సారిన్ అనే విషం నీళ్లు తగిలితే విడిపోతుంది. కాని పొయ్యి ఆరినా బూడిద మిగులుతుంది కదా! అలాగే సారిన్ విడిపోయాక ఒక పదార్థం మిగులుతుంది. అది మామూలు మట్టిలో ఉండదు. బిర్జిన్ని నుంచి తెచ్చిన ఆరు మట్టి నమూనాల్లో అది దొరికింది. రంగు వేసిన ఒక బాంబు ముక్క మీద సారినే రవ్వంత దొరికింది! మరో ఆరు మట్టి నమూనాల్లో మస్టర్డ్ గ్యాస్ జాడ కనబడింది. మస్టర్డ్ అంటే ఆవాలు. పేరుకే ఆవాలు, అది ఒళ్లంతా బొబ్బలెక్కించే విషం.

1993లో ఈ సంగతి లోకానికి చెప్పారు. కుర్దుల మాట నిజమని తేలింది. కుర్దుల మీద జరిగిన దాడుల కేసులో 2007లో ఇరాక్ కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది. సద్దాం కూడా ఆ కేసులో ముద్దాయే. తీర్పు రాకముందే, 2006లో, అతన్ని వేరే కేసులో ఉరి తీశారు.

చదివాక రాయండి: వానలకు సారిన్ విడిపోయినా, అది అక్కడ పడిందని ఎలా తెలిసింది?