పిండ మూలకణాలు – పెళుసు ఎముకల పిల్లలకు ఆశ ఎంత?

ఎత్తుకున్నా ఎముక విరిగే పిల్లలు కొందరుంటారు. ఈ వ్యాధిని ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు జన్యులోపం వల్ల సరిగా తయారుకాదు. తల్లి సరిగా ఎత్తుకోలేదని నిందించడం అన్యాయం.

“స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందట కదా?” అని ఇటువంటి పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. మూలకణం అంటే ఇంకా ఏ ఒక్క పనికీ కుదురుకోని కణం. వీటిలో మీసెంకైమల్ రకం ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలదు. పెద్దల ఎముక మజ్జలోనూ ఉంటుంది. కాని పిండంలోనివి ఎక్కువ వేగంగా వృద్ధి చెందుతాయి.

స్వీడన్‌లో, కడుపులోనే ఎముకలు విరిగిన ఒక ఆడశిశువుకు 32వ వారంలో ఈ కణాలు ఎక్కించారు. ఆ వివరాలు 2005లో వెలువడ్డాయి. కణాలు మగపిండం కాలేయం నుంచి తీసినవి కాబట్టి వై క్రోమోజోమ్ గుర్తుతో వెతకడం సులువైంది. పాపకు 9 నెలలప్పుడు ఎముక ముక్కను పరీక్షిస్తే దాత కణాలు మధ్యస్థంగా 7.4 శాతం కనిపించాయి. మొదటి రెండేళ్ళలో మూడుసార్లే ఎముకలు విరిగాయి. అయితే పాపకు బిస్ఫాస్ఫోనేట్ మందు కూడా ఇచ్చారు. మేలు దేనివల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పలేం. 8 ఏళ్ళ వయసులో అదే దాత కణాలు మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది కూడా.

మరో మాట దాచకూడదు. ఆ కణాలు గర్భస్రావం చేయించుకున్న స్త్రీలు అనుమతితో ఇచ్చిన పిండాలవి. కొందరి మనస్సాక్షి దీనికి ఒప్పుకోదు. కణాలు ఎక్కడివని అడిగే హక్కు మీకుంది. కాన్పులో బయటపడే బొడ్డుతాడులో, మాయలో కూడా మీసెంకైమల్ కణాలుంటాయి.

ఐరోపా సమాఖ్య నిధులతో 2016లో బూస్ట్‌బి4 అనే అధ్యయనం మొదలైంది. ఆ తరువాత స్వీడన్ వైద్యులతో కలిసి వేలూరు సి.ఎం.సి. కూడా ఇటువంటి పరిశోధన చేపట్టింది. ఇవి పరిశోధనలే, దుకాణంలో దొరికే వైద్యం కాదు. ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి లేని మూలకణ చికిత్సను క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వరాదు. ట్రయల్‌లో చేరినవారి నుంచి అందుకు డబ్బు తీసుకోరాదు. లక్షలు అడిగితే, పొలం అమ్మే ముందు ఆ ట్రయల్ సి.టి.ఆర్.ఐ. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

ఈలోగా బిస్ఫాస్ఫోనేట్ డ్రిప్పులు, ఎముకలో కడ్డీ వేసే ఆపరేషన్, ఫిజియోథెరపీ మానిపించవద్దు. డైపరు మార్చేటప్పుడు కాళ్ళు పట్టి పైకెత్తకుండా, పిరుదుల కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి.