ప్రత్యేక విద్యలో బీఈడీ

డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులకు సిద్ధమయ్యేవారు ముందుగా తెలుసుకోవాల్సిన సంస్థ భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ). దీని చట్టం 1992 నాటిది. ప్రత్యేక విద్యలో బీఈడీ వ్యవధి రెండేళ్లు. పట్టా ఒక్కటే చాలదు, ఆర్‌సీఐ కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో నమోదు తప్పనిసరి.

1995 చట్టంలో వైకల్యాలు 7 కాగా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21. ఇందులోని 31వ సెక్షన్ ముఖ్యం: 40 శాతానికి తగ్గని వైకల్యమున్న 6–18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు.

బోధన పద్ధతుల్లో కృత్య విశ్లేషణను బట్టీ పట్టకండి, అర్థం చేసుకోండి. చేతులు కడుక్కోవడం నేర్పాలంటే కుళాయి తిప్పడం, సబ్బు అందుకోవడం, రుద్దడం, కడగడం, తుడుచుకోవడం దేనికది ఒక మెట్టు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో గమనించి, అక్కడి నుంచే సాయం అందించాలి. ఈ చదువుకు ప్రాణం ఈ ఓపికే.

ఆర్‌సీఐతో పాటు గుర్తుంచుకోవాల్సిన మరో సంస్థ మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ; ఇది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది (స్థాపన 1984).

ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపైన 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.