రక్తనాళానికి రక్తం ఎవరిస్తారు?



పదో తరగతి జీవశాస్త్రంలో రక్తప్రసరణ పాఠం చదివాక మీ అమ్మాయో అబ్బాయో ఇలా అడగవచ్చు: 'ధమని అన్ని అవయవాలకూ రక్తం మోస్తుంది. మరి దాని గోడకు రక్తం ఎవరిస్తారు?'

గోడ లోపలి భాగానికి నాళంలో పారే రక్తం నుంచే ఆక్సిజన్ అందుతుంది. పెద్ద ధమనుల్లో గోడ వెలుపలి భాగానికి మాత్రం వేరే సన్నని నాళాలుంటాయి. లాటిన్‌లో వాటి పేరు 'వాసా వాసోరమ్', అంటే నాళాలకు నాళాలు. గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులకూ ఇవి ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, కొలెస్ట్రాల్ పేరుకుని గోడ మందమయ్యే కొద్దీ లోతున ఉన్న కణాలకు ఆక్సిజన్ చాలదు. (ఈ పేరుకున్నదాన్నే డాక్టర్లు ప్లాక్ అంటారు.) ఆ కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. ఆ పిలుపు అందుకుని బయటి నాళాలు కొత్త కొమ్మలు వేసి ప్లాక్‌లోకి చొచ్చుకొస్తాయి. గాయం మానేటప్పుడూ కొత్త నాళాలు పుడతాయి, అక్కడ అది మేలే. ఇక్కడ పుట్టేవి మాత్రం బలహీనమైనవి, కారిపోయేవి. ప్లాక్ లోపలే రక్తం చిందుతుంది. ఎర్ర రక్తకణాల పొరలో కొలెస్ట్రాల్ బాగా ఉంటుంది కాబట్టి, అవి చితికితే ప్లాక్ ఇంకా పెరుగుతుంది. వాపు పెంచే తెల్ల రక్తకణాలకూ ఇదే దారి. చివరకు ప్లాక్ పైపొర చిట్లితే, అక్కడ రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

1984లో హార్వర్డ్‌కు చెందిన క్లిఫర్డ్ బార్గర్ బృందం, మరణించినవారి గుండె నాళాలను సిలికాన్‌తో నింపి పరిశీలించింది. ప్లాక్ ఉన్నచోట ఈ సన్నని నాళాలు దట్టంగా అల్లుకుని కనిపించాయి.

ఇది మనకెందుకంటే, మామూలు యాంజియోగ్రామ్ రక్తం పారే దారినే చూపిస్తుంది, గోడలో జరిగేదాన్ని కాదు. తక్కువ శాతం బ్లాక్ కూడా చిట్లవచ్చు. 'ముప్పై శాతమేనట, పర్లేదు' అని ఇంట్లో ఎవరైనా కొలెస్ట్రాల్ మాత్రలు సొంతంగా ఆపేస్తుంటే, దయచేసి ముందు డాక్టర్‌ను అడగమనండి. సిగరెట్ సంగతి మీకు తెలియనిది కాదు.

పిల్లలు అక్కడితో ఆగరు. 'ఆ కొత్త నాళాలు పెరగకుండా మందు వేస్తే సరి కదా?' అంటారు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు క్యాన్సర్ చికిత్సలో ఉన్నాయి. కానీ వాటివల్ల బీపీ పెరగవచ్చు, ధమనుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే గుండె ధమనుల జబ్బుకు వాటిని వాడటం లేదు.