ఎర్రమట్టి ట్రాక్టర్లు ఆపు బిడ్డా

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు మనసు ఒక దగ్గర నిలవట్లేదు. హన్మకొండ ఇంట్లో ప్రహరీ వెంట మూడడుగుల వెడల్పున పూల మడులు చేయిస్తానన్నావు, సంతోషం. కానీ మేస్త్రీలు వదిలిపోయిన ఇటుక ముక్కల మీదే రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయించి, వచ్చే వారమే గులాబీలు, మల్లెలు పెడతానన్నావే, అది ఆపు తల్లీ. అలా అమ్మే మట్టి చాలావరకు పునాదులకు తవ్విన అడుగు మట్టి. అందులో సత్తువ ఉండదు. గట్టిపడిన నేల మీద పోస్తే నీళ్లు కిందికి ఇంకక వేళ్లు కుళ్లుతాయి.

ముందు చెత్త ఏరించు. సిమెంటు కలిపిన చోట జానెడు లోతు మట్టి తీసి అవతల పారేయించు. ఆ సిమెంటులోని సున్నం నేలలో ఉంటే మల్లె, మందార ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. తర్వాత అడుగున్నర లోతు గుల్ల చేయించు. నువ్వు మాత్రం గడ్డపార పట్టకు. ఫోటోలో నీ అరచేతి బొబ్బలు చూసి అమ్మమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు. కూలి మనిషిని పెట్టుకో, డబ్బులు నేను పంపిస్తా.

చెరువు మట్టి సంగతి శ్రద్ధగా విను. మనది చలక, పోసిన నీరు నిలవదు. దానికి జిగురూ సత్తువా ఇచ్చేది చెరువు మట్టే. పైచేలల్లోంచి వానకు కొట్టుకొచ్చిన మెత్తటి ఒండ్రు, ఆకు, పేడ అన్నీ అక్కడే పేరుకుంటాయి. నా చిన్నప్పుడు చెరువు ఎండిందంటే ఊళ్లో బండ్లన్నీ తెల్లారకముందే అందులోకి దిగేవి. ఒకనాడు మా దాపటెద్దు కట్ట ఎక్కనని మొరాయించింది. మా నాయన దాన్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. సగం మట్టి దించి, మెడ నిమురుతూ కట్ట దాటించాడు. ఆ యేడు వానలు ముఖం చాటేసినా మట్టి తోలిన చెక్కలో కంది నిలబడింది. తర్వాత ఆ తోలకాలు తగ్గిపోయాయి. 2015లో సర్కారు మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత మొదలుపెట్టాక మళ్లీ ట్రాక్టర్లు బారులు తీరాయి. చూస్తూ కట్ట మీదే నిలబడిపోయాను.

చెరువు మట్టిని తడిపి పేనితే తెగకుండా సన్నగా సాగాలి. పైన తెల్లగా ఉప్పు పేరినది ముట్టుకోకు, అది చౌడు. ఆరాక గడ్డలు చితక్కొట్టి, మూడు తట్టల నీ మట్టికి ఒక తట్ట చొప్పున కలుపు. పైన పొరగా పరిస్తే లాభం లేదు, కలవాలి. తడిగా ఉన్నప్పుడు తొక్కనివ్వకు.

పశువుల ఎరువు పేడ వాసన పోయేదాకా మాగాలి, పచ్చిది వేస్తే చెదలు, వేరుపురుగు పట్టుకుంటాయి. మృగశిర కార్తె వానలకు జనుము చల్లు. 45 రోజులకు పూతకొస్తుంది. కాడ ముదరకముందే కోసి, నరికి మట్టిలో కలిపి రెండు మూడు వారాలు మగ్గనివ్వు. మొక్కలు శ్రావణంలో పెట్టుకుందువు. కొత్తింట్లో పూలు త్వరగా చూసుకోవాలని నీకుంటుందని తెలుసు తల్లీ. జనుము కూడా పసుపుపచ్చటి పూలు పూస్తుంది, రెండు రోజులు కళ్లారా చూసుకొనే కోయి.

మనూరి సర్పంచిని అడిగాను, ఆదివారం ఒక ట్రాక్టరు చెరువు మట్టి పంపిస్తా. నీ గేటు వెడల్పు కొలిచి ఫోనులో చెప్పు. జనుము విత్తనంతో పాటు అమ్మమ్మ మామిడి తొక్కు కూడా పెడుతోంది.

మీ తాత